ఒకే కడుపున రెండు తూకాలు

కవలలు ఎదురైతే మన మెట్ట ఊళ్లలో ఎవరైనా మొదట చేసే పని ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తేడా వెతకడం. ఎవరు పొడుగు, ఎవరు పొట్టి, ఎవరికి ఒళ్లుంది, ఎవరు బక్క. పెనుగంచిప్రోలు తిరునాళ్లలోనైనా, జగ్గయ్యపేట బస్టాండులోనైనా ఇదే వరస. వెంటనే తీర్పు కూడా వస్తుంది: వీడు మేనమామ పోలిక, వాడిది నాన్నమ్మ వైపు ఎముక. శాస్త్రజ్ఞులు వేసిన ప్రశ్న కూడా ఇదే. 1875లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంగ్లండులో కవలల కుటుంబాల నుంచి వివరాలు రాబట్టి, మనిషిలో పుట్టుక వాటా ఎంత, పెంపకం వాటా ఎంత అని తేల్చబోయాడు. ఆయనకు అందని కిటుకు 1924లో జర్మన్ వైద్యుడు హెర్మన్ సీమెన్స్‌కు అందింది. ఒకే అండం చీలి పుట్టిన కవలల్ని ఒక గుంపుగా, రెండు అండాల నుంచి పుట్టిన కవలల్ని ఇంకో గుంపుగా కొలిచి, ఆ గుంపుల్ని పోల్చాలన్నాడు.

ఆ గాల్టనే 1883లో మనుషుల్ని మేలుజాతి, నాసిజాతి అని ఏరే సిద్ధాంతానికి ‘యూజెనిక్స్’ అని పేరు పెట్టాడు. ఆ దారి చివర నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో కవలపిల్లల మీద జరిగిన ఘోరాలున్నాయి. మనుషుల ఒళ్లు కొలిచే శాస్త్రం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదని నా గట్టి నమ్మకం.

నా చెల్లెలి కూతురే నాకు కోడలు. జగ్గయ్యపేటలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతుంది. నేను నందిగామలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. వాళ్ల కవలలకు అయిదో ఏడు నడుస్తోంది. ఇద్దరూ మగపిల్లలే, ఒకడు బొద్దుగా, ఒకడు సన్నగా ఉంటారు. చూసినవాళ్లు సన్నటివాడి వంక జాలిగా, తల్లి వంక అనుమానంగా చూస్తారు. వేసవి సెలవుల్లో ఆ అమ్మాయి లేవదీసిన వాదన ఇది. ప్రశ్నలు బాగా వేసింది కాబట్టి వాటిని ఆమె మాటల్లోనే ఉంచుతున్నాను.

అమ్మాయి: మావయ్యా, ఒళ్లు డెబ్భై అయిదు శాతం జన్యువుల వల్లే వస్తుందని ఎక్కడ చూసినా చెబుతున్నారు. మా పెద్దోడు పదహారు కిలోలున్నాడు. అంటే పన్నెండు కిలోలు వంశం ఇచ్చింది, నాలుగు కిలోలు నా వంట ఇచ్చిందనా?

నేను: అట్లా పంచడం కుదరదమ్మా. ఆ పదహారు కిలోల్లో జన్యువు ప్రమేయం లేని గ్రాము ఒక్కటీ లేదు, అన్నం ప్రమేయం లేని గ్రామూ లేదు. జగ్గయ్యపేటలో వెయ్యిమందిని తూస్తే వెయ్యి రకాల తూకాలు వస్తాయి. అవి ఒకదానికొకటి ఎందుకు తేడాగా ఉన్నాయో చెప్పే లెక్క అది. ఒక్క మనిషి గురించి అది ఏమీ చెప్పదు.

అమ్మాయి: అంటే సగటు గురించి కాదు, విస్తృతి గురించి. విస్తృతిలో జన్యువుల తేడాలకు ఎంత వాటా ఉందో చెబుతుంది.

నేను: అదే. దాన్నే అనువంశికత అంటారు.

అమ్మాయి: తూకం యంత్రం ఆ వాటాను చూపించదు కదా. ఎట్లా పట్టారు?

నేను: కవలలతోనే. ఒక అండం చీలి పుట్టినవాళ్ల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల వాళ్లు, ఎవరైనా అన్నదమ్ముల్లాగే, సగటున సగం పంచుకుంటారు. ఏ రకమైనా ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే ఈడులో పెరుగుతారు. మొదటి రకం జంటల బరువుల మధ్య సహసంబంధం (రెండు తూకాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.80, రెండో రకంలో 0.45 వచ్చిందనుకో. మధ్యలో ఉన్న 0.35, మిగతా సగం జన్యువులు కూడా ఒకటే కావడం వల్ల వచ్చింది. దాన్ని రెట్టింపు చేస్తే 0.70.

అమ్మాయి: ఆ ‘సగం’ దగ్గర నాకు అనుమానం. నాది మేనరికం. మీ అబ్బాయికి నాన్నమ్మే నాకు అమ్మమ్మ. మా పిల్లలు రెండు అండాల వాళ్లే అయినా, వాళ్లిద్దరి మధ్య సగం కంటే ఎక్కువే కలిసి ఉండాలి కదా?

నేను: ఎక్కువే, కాస్త. ఆ సూత్రాన్ని తల్లిదండ్రులు ఒకరికొకరు చుట్టాలు కారనుకుని కట్టారు. మేనరికాలు విస్తారంగా ఉన్నచోట రెండో రకం కవలలు కూడా ఒకరికొకరు దగ్గరవుతారు. రెండు సహసంబంధాల మధ్య దూరం తగ్గుతుంది. అప్పుడు రెట్టింపు చేసినా జన్యువుల వాటా ఉన్నదానికంటే తక్కువగానే తేలుతుంది. స్వీడన్‌కో బ్రిటన్‌కో సరిపోయిన సూత్రాన్ని మన దగ్గర యథాతథంగా వాడకూడదని చెప్పడానికి నీ పెళ్లే సాక్ష్యం.

అమ్మాయి: ఇంకో అనుమానం. అచ్చుగుద్దినట్టుండే కవలలకు ఒకే రంగు చొక్కాలు కొంటాం, ఒకే కంచంలో కలిపి పెడతాం, ఒకడికి దగ్గొస్తే ఇద్దరికీ మందు పోస్తాం. పోలికలు కలవని కవలల్ని అంత జంటగా పెంచం. మరి మొదటి రకం వాళ్ల తూకాలు దగ్గరగా ఉండటం మన పెంపకం వల్ల కూడా కావచ్చుగా?

నేను: ఈ పద్ధతిని తప్పుపట్టేవాళ్లు మొట్టమొదట అడిగేది అదే. దానికి జవాబుగా వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల్ని వెతికారు. 1990లో ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం స్వీడన్‌లో, విడివిడిగా పెరిగిన ఒక అండం కవలల్ని 93 జంటలు చూసింది. వాళ్ల బీఎంఐల (ఎత్తును బట్టి బరువు చూసే కొలత) మధ్య సహసంబంధం మగవాళ్లలో 0.70, ఆడవాళ్లలో 0.66. ఒకరి వంటిల్లు ఒకరికి తెలియదు, అయినా ఒళ్లు ఒక్కలాగే వచ్చింది.

అమ్మాయి: ఒక వంటిల్లు మాత్రం ఇద్దరిదీ. కడుపు.

ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. పాఠం చెప్పినన్నాళ్లూ కవలల అధ్యయనాన్ని పుట్టిన రోజు నుంచే మొదలుపెట్టి చెప్పేవాళ్లం. అసలు తేడా అంతకుముందే మొదలవుతుంది.

నేను: నిజం. పైగా ఆ వంటింట్లో వడ్డన సమానంగా ఉండదు. ఒక అండం కవలల్లో మూడింట రెండొంతుల మంది ఒకే మాయ మీద పెరుగుతారు. ఆ మాయలో రక్తనాళాలు ఒకరి వైపుకు ఎక్కువగా తిరిగితే ఒకడికి ఎక్కువ అందుతుంది, ఇంకొకడికి తక్కువ. జన్యువులు మొత్తం ఒకటే అయినా పుట్టిన రోజున తూకంలో అరకిలో తేడా రావచ్చు.

అమ్మాయి: మా వాళ్లకు రెండు మాయలని స్కానింగ్‌లో వచ్చింది. అందుకే వీళ్లు ఒక అండం వాళ్లు కాదని అందరూ తేల్చేశారు.

నేను: అది తేలదు. ఒక అండం కవలల్లో మిగిలిన మూడోవంతుకు మాయలు విడిగానే ఏర్పడతాయి. ఒకే మాయ అయితే ఒక అండం అనుకోవచ్చు. రెండు మాయలుండి ఇద్దరూ మగపిల్లలో, ఇద్దరూ ఆడపిల్లలో అయితే డీఎన్ఏ పరీక్షే చెప్పాలి.

అమ్మాయి: సరే. డెబ్భై అయిదు అన్న అంకె ఎక్కడిది?

నేను: 2016లో చాలా దేశాల కవలల వివరాలు ఒకచోట చేర్చారు, 87 వేలకు పైగా జంటలు. బీఎంఐ తేడాల్లో జన్యువుల వాటా నాలుగేళ్ల వయసులో అన్నింటికంటే తక్కువ, 41-42 శాతం. అక్కడి నుంచి పెరుగుతూ పంతొమ్మిదేళ్లకు 75కు చేరింది. నీ పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఆ నాలుగేళ్ల దగ్గరున్నారు.

అమ్మాయి: విచిత్రంగా ఉందే! పెద్దయ్యేకొద్దీ బయటి తిండి, బయటి స్నేహాలు పెరుగుతాయి కదా. జన్యువుల వాటా తగ్గాలి గానీ పెరగడమేంటి?

నేను: నాలుగేళ్లవాడి కంచంలో ఏముండాలో నువ్వు నిర్ణయిస్తావు. పంతొమ్మిదేళ్లవాడు తనే నిర్ణయించుకుంటాడు. అప్పుడు వాడి ఆకలే వాడి చేత తినిపిస్తుంది. జన్యువులు ఒంటికి కొవ్వు నేరుగా పూయవు. ఎప్పుడు ఆకలి వేయాలి, ఎంత తింటే చాలనిపించాలి అన్న చోట ఎక్కువగా పనిచేస్తాయి. 2007లో బయటపడిన ఎఫ్‌టీఓ జన్యువు అట్లాంటిదే. దానిలో బరువు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లకంటే యూరప్ జనాభాలో సగటున మూడు కిలోలు ఎక్కువున్నారు. అది ముఖ్యంగా ఆకలి మీదే పనిచేస్తుంది.

అమ్మాయి: అయితే నా ప్రశ్న ఇది మావయ్యా. పెద్దోడు ఇంకో ముద్ద కావాలని అడుగుతాడు, పెడతాను. చిన్నోడు కంచం తోసేస్తాడు, సరేలే అని తీసేస్తాను. పెద్దోడి కిలోలు వాడి జన్యువులు పెట్టినవా, నా చెయ్యి పెట్టినవా?

నేను: కవలల లెక్క దాన్ని జన్యువుల ఖాతాలో రాస్తుంది. బ్రిటన్‌లో 2007లో పుట్టిన కవలలతో జెమిని అనే అధ్యయనం నడిపారు. ఒకే జంటలో, తిండి చూస్తే ఎక్కువ ఆశపడే బిడ్డ పదిహేను నెలలకు తన తోడు బిడ్డకంటే దాదాపు కిలో ఎక్కువ తూగాడు. ఒకే ఇల్లు, ఒకే తల్లి. తేడా అంతా ఆకలిదే.

అమ్మాయి: కానీ పెట్టింది నేను. నా చెయ్యి లేకపోతే ఆ జన్యువు ఏం చేసేది? బజారులో ఏమీ దొరక్కపోతే, సంచిలో బియ్యమే లేకపోతే ఏం చేసేది?

నేను: ఏమీ చేయలేదు. అందుకే ఆ ఖాతా పేరు చూసి మోసపోకూడదని అంటాను. జన్యువుల వాటా అని రాసినదాంట్లో తల్లి చెయ్యి, వీధి చివరి కొట్టు, రేషన్ బియ్యం అన్నీ ఉన్నాయి. అందరికీ అవి ఒకే తీరుగా అందుతున్నప్పుడు లెక్కకు కనపడవు, అంతే.

ఇక్కడ ఒక పొలం సంగతి చెప్పాను. 1970లో అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు రిచర్డ్ లెవాంటిన్ ఇచ్చిన పోలికను మన చేలకు తెచ్చుకుంటే ఇట్లా ఉంటుంది. ఒక సంచిలోంచి గుప్పెడు నాటు జొన్న విత్తనం తీసి కాలవ నీరందే నల్లరేగడిలో చల్లాలి. అదే సంచిలోంచి ఇంకో గుప్పెడు నీరందని రాతి నేలలో చల్లాలి. మొదటి చేలో అన్ని మొక్కలకూ ఒకే నేల, ఒకే నీరు. వాటి ఎత్తుల్లో తేడా మొత్తం విత్తనానిదే. రెండో చేలోనూ అంతే. రెండు చోట్లా అనువంశికత నూటికి నూరు. అయినా మొదటి చేను నిలువెత్తు ఎదిగి, రెండోది మోకాళ్ల దగ్గర ఆగిపోతే ఆ తేడా మొత్తం నేలది, నీటిది.

అమ్మాయి: చేను లోపలి తేడాకు కారణం వేరు, చేనుకూ చేనుకూ మధ్య తేడాకు కారణం వేరు. మొదటి అంకె ఎంత పెద్దదైనా రెండోదాని గురించి ఒక్క మాట చెప్పదు.

నేను: చెప్పదు. మన ఇంట్లోనే చూడు. నాగార్జునసాగర్ నీళ్లు కాలవల్లోకి వదిలింది 1967లో. ఎడమ కాలవ రాకముందు ఈ మెట్టలో మా నాన్న తరం జొన్నన్నం మీద పెరిగింది. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చాక వరి అన్నం పేదింటికి రోజూ తిండి అయింది. ఆ రెండు తరాలనూ పక్కపక్కన పెడితే పొలాలు రెండు, విత్తనం ఒకటే. దేశాల లెక్కలోనూ ఇంతే. ఎత్తులో అనువంశికత ఎనభై శాతం దాకా ఉంటుంది. అయినా దక్షిణ కొరియా ఆడవాళ్ల సగటు ఎత్తు ఒక్క శతాబ్దంలో 20 సెంటీమీటర్లు పెరిగింది. జన్యువులు అంతలో మారవు.

అమ్మాయి: తెలుగు పల్లెల్లో ఎవరైనా కొలిచారా?

నేను: కొలిచారు. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో చేశారు. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టారు. మిగతా ఊళ్లలో ఆ తిండి లేదు. పదిహేనేళ్ల తర్వాత వెళ్లి ఆ పిల్లల్ని కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ల ఒళ్లు ఇన్సులిన్‌కు బాగా స్పందించింది కూడా.

అమ్మాయి: ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదు.

నేను: చిన్నదే. కానీ అది ఊరు మొత్తం సగటు. తల్లి కడుపుతో ఉన్నప్పుడూ, బిడ్డ పసితనంలోనూ తిన్న పళ్లెం ఆ బిడ్డకు పదహారేళ్లొచ్చినా కొలతలో కనిపించింది. కవలల సూత్రం ఎన్నిసార్లు తిరగేసినా ఇది బయటికి రాదు. నాకు ఈ 14 మిల్లీమీటర్లంటే ఎంతో గౌరవం.

అమ్మాయి: అయితే ఇంకో మాట. అందరికీ సమానంగా తిండి అందితే మిగిలే తేడాలన్నీ జన్యువులవే అవుతాయి, అనువంశికత పెరుగుతుంది. అంటే అంకె ఎంత పెద్దదైతే ఆ సమాజంలో అంత న్యాయం ఉన్నట్టా?

ఈ ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చూడలేదు.

నేను: సగం నిజం. కొందరికి బువ్వ ఉండి కొందరికి లేనిచోట, పేదింటి పిల్లలు తమ జన్యువులు ఇవ్వగలిగిన ఎత్తు అందుకోలేరు. అక్కడ ఎత్తు తేడాల్లో పేదరికం వాటా పెరిగి, జన్యువుల వాటా తగ్గుతుంది. తిండి సమానమైతే అంకె పైకి పోతుంది. కానీ అందరూ సమానంగా పస్తులున్నా అంకె పెద్దదే ఉంటుంది. రాతి నేలలో కూడా అనువంశికత నూటికి నూరేనని ఇప్పుడే అనుకున్నాం. సమానత్వం ఉందో లేదో అంకె కొంత చెప్పగలదు గానీ, కడుపు నిండిందో లేదో చెప్పలేదు.

అమ్మాయి: మన రాష్ట్రం ఏ చేను?

నేను: రెండూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో 36 శాతం మందికి ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువ. అదే రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. మన హైవే మీద బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిన అన్ననూ, ఇక్కడే ఉన్న తమ్ముణ్నీ తూచినా ఇది తెలుస్తుంది. 2005-07లో హైదరాబాద్, బెంగళూరు, నాగపూర్, లక్నో ఫ్యాక్టరీలకు పల్లెల నుంచి వచ్చినవాళ్లను, సొంతూళ్లలో ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులనూ పోల్చారు. మగవాళ్లలో బీఎంఐ 25 దాటినవాళ్లు పల్లెలో 19 శాతం, వలస వచ్చినవాళ్లలో 37.8 శాతం, పుట్టు పట్నవాసుల్లో 41.9 శాతం.

అమ్మాయి: పల్లె వదిలి వెళ్లినవాళ్లు మొదటి నుంచీ కాస్త కలిగినవాళ్లూ, తిండి పుష్టి ఉన్నవాళ్లూ అయ్యుండొచ్చుగా?

నేను: అయ్యుండొచ్చు. తోబుట్టువుల్ని తీసుకోవడంలో ఉద్దేశం ఆ అనుమానం తగ్గించడమే. పూర్తిగా పోదు. అయినా ఒక కడుపున పుట్టినవాళ్ల మధ్య ఇంత తేడాను వంశం మీదికి నెట్టలేం.

అమ్మాయి: మరి లావుగా ఉన్న మనిషిని ‘తిండి తగ్గించుకోలేవా’ అంటారే, అది న్యాయమా?

నేను: కాదు. కెనడాలో క్లాడ్ బూషార్ అనే శాస్త్రజ్ఞుడు పన్నెండు జతల ఒక అండం కవల యువకులకు వంద రోజుల్లో 84 రోజులు, రోజుకు వెయ్యి కెలోరీలు అదనంగా తినిపించాడు. ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అందరికీ అదనంగా పెట్టింది ఒకే కొలత. ఒకతను 4.3 కిలోలు పెరిగాడు, ఇంకొకతను 13.3 కిలోలు. ఒకే జంటలోని ఇద్దరూ మాత్రం చాలావరకు దగ్గర దగ్గరగా పెరిగారు. ఒకే తిండి ఒకరికి నాలుగు కిలోలు, ఇంకొకరికి పదమూడు అవుతున్నప్పుడు, ఒళ్లు చూసి మనిషి గుణం చెప్పడం అన్యాయం. పెళ్లిచూపుల్లో, బడిలో, బస్సులో ఆడపిల్లల్ని ఈ మాటతో ఎంత ఏడిపించారో నేను కళ్లారా చూశాను.

అమ్మాయి: అంటే ఎవరికీ బాధ్యత లేదా?

నేను: ఉంది. వరసలో నిలబెడితే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాంట్లో జన్యువుల మాట ఎక్కువ చెల్లుతుంది. దానికి మనిషిని తప్పుపట్టకూడదు. వరస మొత్తం ముప్పై ఏళ్లలో లావు వైపు జరిగిందంటే అందులో జన్యువుల పాత్ర లేదు. నడిచే దారులు పోవడం, నూనె, చక్కెర చవకవడం, పొలం పని యంత్రాలకు పోవడం వల్ల జరిగింది. ఆ బాధ్యత ఊరిది, ప్రభుత్వానిది.

అమ్మాయి: చిన్నోణ్ని ఏం చేయమంటారు? అందరూ ‘వాడికి గట్టిగా పెట్టు’ అంటున్నారు.

నేను: వాడు వాడి ఎదుగుదల గీత మీద నడుస్తున్నాడా లేదా చూడు. అన్న గీతతో పోల్చకు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూసిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5. అంత చిన్న ఒంట్లోనూ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు, తగ్గింది కండ. చిన్నగా పుట్టి తర్వాత వేగంగా బరువెక్కిన పిల్లలకు ఎనిమిదేళ్లకే ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం మొదలైందని కూడా అక్కడే చూశారు. కాబట్టి పప్పు, గుడ్డు, పాలు పెట్టు, పరిగెత్తనివ్వు. అన్నతో సమానం చేయాలని మాత్రం కుక్కకు.

ఆ అమ్మాయి పిల్లల్ని తీసుకుని జగ్గయ్యపేట వెళ్లాక కూడా ఈ వాదన నన్ను వదల్లేదు. నేను చెప్పిన కవలల అంకెల్లో ఎక్కువ భాగం చలిదేశాల పిల్లలవి. 87 వేల జంటల ఆ అధ్యయనం ప్రపంచాన్ని యూరప్, ఉత్తర అమెరికా-ఆస్ట్రేలియా, తూర్పు ఆసియా అని మూడు ప్రాంతాలుగా పోల్చింది. మన దక్షిణాసియాకు అందులో విడిగా ఒక గడి లేదు. కాలవ నీరు అందిన ఊరూ, అందని ఊరూ పక్కపక్కనే ఉన్నాయి. మేనరికాలున్నాయి. ఒకే ఇంటి పిల్లలు కొందరు హైదరాబాద్‌లో, కొందరు ఇక్కడా పెరుగుతున్నారు. పాశ్చాత్య సూత్రాలు ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ తడబడతాయో తేల్చడానికి ఇంతకంటే తగిన నేల ఉండదు. ప్రతి అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూస్తూనే ఉన్నారు. కావాల్సిందల్లా కవలల తూకాల్ని తల్లిదండ్రుల ఒప్పుదలతో ఒకచోట చేర్చి, మాయల వివరం, పుట్టిన బరువు జతచేసి, ఏళ్ల తరబడి వాళ్ల వెంట నడిచే రిజిస్టరు. శ్రీలంక ఈ పని 1997లోనే మొదలుపెట్టింది. మన వైద్య కళాశాలలు, ఆరోగ్య శాఖ ఇప్పుడైనా పూనుకోవాలి. ఈలోపు కవలల తల్లులు స్కానింగ్ రిపోర్టు, పుట్టిననాటి తూకం చీటీ ఇద్దరివీ విడివిడిగా దాచిపెట్టండి. రేపు ఆ రిజిస్టరు మొదలైతే మొదటి పేజీ వాటితోనే నిండాలి.